పూజ బిళ్లలూ పరీక్ష పట్టీలూ

ముప్ఫై ఒక్క ఏళ్లు ఒకే కౌంటర్ వెనక నిలబడ్డాను. కాళ్లలో నరాలు ఉబ్బాయి, మోకాళ్లు అరిగాయి, పోయిన ఏడాది ఇక చాలనుకుని మానేశాను. ఫార్మసీ చదివే పిల్లలు ఎక్కడైనా కనబడితే ఒకటే ప్రశ్న అడుగుతారు: "మేడం, మీ సర్వీసులో ఎప్పుడైనా తప్పు మందు ఇచ్చారా?" ఇవ్వలేదు. ఒట్టేసి చెబుతున్నాను. డాక్టర్ల రాత చదవడంలో చిక్కడపల్లి మొత్తంలో నా అంత మనిషి లేదని మా ఓనర్ గారే అనేవారు. నేను ఇచ్చిన ప్రతి మందూ అడిగిన మందే. అయినా ఒక ఇంటికి రెండేళ్లకు పైగా అన్యాయం చేశాను. ఎలా చేశానో చెబుతాను, వినండి. రేపు మీరూ కౌంటర్ ఎక్కేవాళ్లే కదా.

మాది మెయిన్ రోడ్డు మీద చిన్న మెడికల్ షాపు. పొద్దున గుడి నుంచి వచ్చే పెద్దవాళ్లు బీపీకీ షుగర్‌కీ కొనుక్కునేవాళ్లు. మధ్యాహ్నం అశోక్ నగర్ కోచింగ్ పిల్లలు తలనొప్పికీ, గ్యాస్‌కీ, నిద్ర ఆపుకోవడానికీ ఏదో ఒకటి అడిగేవాళ్లు. సాయంత్రం నారాయణగూడ వైపు నుంచి ఆఫీసులు వదిలిన వాళ్లు. మా ఓనర్ గారు నగరంలో నాలుగు తరాలుగా ఉన్న కుటుంబం మనిషి, మాట పొదుపు. నేను చేరిన మొదటి రోజే ఒక నియమం చెప్పారు.

"జూడమ్మా, మందు అడిగితె మందియ్యాలె. ముచ్చట పెట్టొద్దు. ఎవరికి, ఎందుకు అని అడిగితె మల్ల మన షాపుకు రారు. మనం మెడికల్ షాపోళ్లం, పోలీసోళ్లం గాదు."

ఆ మాట నాకు తెగ నచ్చింది. ఆడవాళ్లు కొన్ని వస్తువులు నోరు తెరిచి అడగలేరు. కళ్లతో చూపిస్తారు, చీటీ మీద రాసి జరుపుతారు, పక్కన మగవాడు నిలబడి ఉంటే వాడు పోయేదాకా దగ్గు మందు సీసాలు చూస్తూ నిలబడతారు. నేను వాళ్ల ముఖం చూసే కనిపెట్టేదాన్ని. న్యూస్ పేపర్లో చుట్టి, నల్ల కవర్లో వేసి, ఒక్క ప్రశ్న వేయకుండా చేతిలో పెట్టేదాన్ని. "ఆ షాపులో ఆవిడ ఉంటది, ఏం అడగదు" అని నాకు పేరు. ఆ పేరు చూసుకుని మురిసిపోయాను, ఏం చెప్పమంటారు!

ఇక పూజ బిళ్లల సంగతి. నెలసరిని కొన్ని రోజులు వెనక్కి నెట్టే హార్మోన్ మాత్రలు అవి. డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వకూడదు. ఇచ్చేవాళ్లం. మేమే కాదు, చుట్టుపక్కల అందరూ ఇచ్చేవాళ్లు. పెళ్లి, గృహప్రవేశం, తిరుపతి ప్రయాణం, తద్దినం, కార్తీక సోమవారం, దేనికైనా అవే. శ్రావణ మాసం వస్తోందంటే మా ఓనర్ గారు ముందే డబ్బాలకు డబ్బాలు తెప్పించేవారు. వాటి అసలు పేరు ఎవరికీ తెలియదు. "పూజ బిళ్లలు ఒక షీటు" అంటే చాలు, నా చెయ్యి తనంతట తాను ఆ అరలోకి పోయేది.

అవి ఎక్కువగా తీసుకెళ్లే పెద్దావిడ ఒకావిడ ఉండేది. తెనాలి వైపు వాళ్లు, ఎప్పుడో ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు. నుదుట రూపాయంత కుంకుమ, చేతిలో పూల సజ్జ, నోట్లో ఎప్పుడూ ఒక స్తోత్రం. శుక్రవారం పూజ సామాన్లకని గురువారం గురువారం వచ్చేది కనుక మేం ఆమెను శుక్రవారం అమ్మగారు అనేవాళ్లం. బీపీ మందుతో పాటు పూజ బిళ్లలు కొనేది. మంచి మనిషి. ప్రసాదం తెస్తే నాకు పెట్టకుండా పోయేది కాదు. ఆ బిళ్లలు ఎవరికని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

మధ్యాహ్నం రెండింటికి ఇంకొకామె వచ్చేది. అశోక్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో గ్రూప్స్ పిల్లలకు లెక్కలు చెప్పే టీచరమ్మ. పుట్టిల్లు అడిక్‌మెట్. ముప్ఫై నాలుగేళ్లుంటాయి అప్పటికి, పెళ్లయి ఏడాది దాటింది. మొదటిసారి వచ్చినప్పుడు కౌంటర్ దగ్గర ఎవరూ లేకుండా చూసుకుని, గొంతు తగ్గించి అడిగింది.

"అక్కా, అండం ఏ రోజు రిలీజయితదో చెప్పే కిట్టు ఉంటది గదా. అది కావాలె."

పట్టీలు తీసి ఇచ్చి, ఎలా వాడాలో చెప్పాను. అది నాకు ఇష్టమైన పని. నెలసరి మొదలైన రోజు ఒకటో రోజు అని రాసుకోవాలి. పదో రోజు నుంచి ప్రతి మధ్యాహ్నం ఒకే వేళకు మూత్రంలో పట్టీ ముంచి చూడాలి. అంతకు ముందు రెండు గంటలు నీళ్లు ఎక్కువ తాగకూడదు. రెండు గీతలు వస్తే సరిపోదు, రెండో గీత మొదటి గీతంత ముదురుగానో అంతకంటే ముదురుగానో రావాలి. అప్పుడు ఒకటి ఒకటిన్నర రోజులో అండం విడుదలవుతుందని లెక్క. గర్భం చూసే పట్టీలో సన్న గీత వచ్చినా పండగే, ఇందులో మాత్రం సన్న గీత వస్తే ఇంకా రాలేదనే అర్థం.

"అర్థమైందక్కా. గీత ఉంటె మార్కులు రావు, ముదురుంటెనే మార్కులు," అని నవ్వింది.

ఆ పరీక్ష ఆమె ఇంట్లో చేసుకునేది కాదు. కోచింగ్ సెంటర్ బాత్‌రూములో, రెండు క్లాసుల మధ్య చేసుకునేది. ఎందుకమ్మా ఇంత పరేషాన్ అంటే ఇలా చెప్పింది: "మాది లవ్ మ్యారేజక్కా. వాళ్లు ఆంధ్రా సైడు. మా అత్తమ్మ మంచిదే, కాని మొత్తం దేవుని మీద భారమేసింది. నేను పట్టీలు పెట్టుకుంట కూసున్ననని తెలిస్తె నమ్మకం లేదా అని మనసు నొచ్చుకుంటది. మా ఆయనకు ఒక్కనికే తెలుసు." ఆ అత్తమ్మ ఎవరని నేను అడగలేదు. నా పేరు నేను నిలబెట్టుకోవాలి కదా!

నాలుగైదు నెలల తర్వాత ఒక నోట్‌బుక్ తెచ్చి కౌంటర్ మీద పరిచింది. పేజీకొక నెల. పట్టీలన్నీ వరసగా అంటించి, కింద తేదీ, రోజు నంబరు, వేళ రాసింది. లెక్కల టీచరు కదా, స్కేలుతో గీతలు కూడా గీసింది. నాకు నవ్వొచ్చింది. కానీ పట్టీలు చూస్తే నవ్వు పోయింది. అన్నీ సన్న గీతలే. ఒక్కటంటే ఒక్కటి ముదురు లేదు.

అప్పుడు నేనేం చేశాను? "కంపెనీ మార్చి చూడమ్మా" అన్నాను. మార్చింది. మళ్లీ అదే. ఇంకా మంచిదని మూడో కంపెనీది ఇచ్చాను. మళ్లీ అదే. చివరికి డాక్టర్ దగ్గరికి వెళ్లమన్నాను. అదొక్కటే నేను చేసిన తెలివైన పని. నారాయణగూడలో ఒక లేడీ డాక్టర్ రక్త పరీక్షలు, స్కానింగులు చేయించింది. అండం విడుదల కావడం లేదంది. ఆ ఏడాదీ, ఆ పై ఏడాదీ అలాగే గడిచాయి. ముప్ఫై ఆరు దాటింది. ఒక మధ్యాహ్నం షాపుకొచ్చి, ఏమీ కొనకుండా ఊరికే నిలబడింది.

"ఇంకో నెల చూసి ఇంజెక్షన్లు మొదలు పెడతరంట అక్కా. దాంతోని కాకుంటె ల్యాబుల చెయ్యాలంట. అది గూడ నా అండాలతోని అయితదో లేదో డౌటేనంట. నేను క్లాసుల పిల్లలకు లెక్క తప్పితె యే స్టెప్పుల తప్పిందో నిమిషంల చూపెడత. నా లెక్క ఎక్కడ తప్పిందో నాకే దొరుకుత లేదు."

కళ్లనీళ్లు కారిపోతున్నాయి. తుడుచుకోలేదు కూడా. వెనక దగ్గు మందు కోసం ఒకాయన నిలబడ్డాడు. నేను ఒక టిష్యూ ఇచ్చి, "దేవుడున్నడమ్మా" అన్నాను.

ఆ తర్వాత పది రోజులకు వచ్చింది ఆ గురువారం. మర్నాడు వరలక్ష్మీ వ్రతం. చిక్కడపల్లి రోడ్డు మీద అడుగు పెట్టడానికి చోటు లేదు. చామంతులు, తమలపాకులు, అరటి పిలకలు ఫుట్‌పాత్ నిండా పోసి అమ్ముతున్నారు. మా కౌంటర్ ముందు జనం మూడు వరసలుగా నిలబడ్డారు. పదకొండు గంటలప్పుడు శుక్రవారం అమ్మగారు ఆ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. ఆమె వెనకే రెండు చేతులా సంచులు మోస్తూ ఒకామె. తలెత్తి చూశాను. టీచరమ్మ!

ఆమె నన్ను చూసి బెదిరిపోయి కళ్లతోనే సైగ చేసింది. తెలిసినట్టు ఉండొద్దని. నేనూ తెలియనట్టే పెద్దావిడ వైపు తిరిగాను.

"అమ్మాయ్, నా బీపీ మందు ఇవ్వు. పూజ బిళ్లలు కూడా. ఈసారి ఎక్కువ ఇవ్వు, నెలాఖరు దాకా రావాలి," అంది పెద్దావిడ.

నా చెయ్యి అరలోకి వెళ్లింది. షీటు తగిలింది. అక్కడే ఆగిపోయింది. ముప్ఫై ఏళ్లలో ఎప్పుడూ అడగని మాట నోట్లోంచి జారింది.

"ఎవరికమ్మగారూ?"

"ఇంకెవరికీ, మా కోడలికి! నాకెప్పుడో ఆగిపోయాయిగా." నవ్వుతూ టీచరమ్మ భుజం మీద చెయ్యి వేసింది. "పదహారు శుక్రవారాల నోము పట్టించాను. ఇది ఎనిమిదోసారి. రేపటితో పదకొండు పూర్తవుతాయి. మధ్యలో నాగా పడితే మళ్లీ మొదటికొస్తుంది, అందుకని ఏ నెలకానెల శుక్రవారం తప్పించి బయట చేరేలా బిళ్లలు వేయిస్తున్నా. ఒక్క వారం తప్పలేదనుకో! అంతా పిల్లలు పుట్టాలనేగా తల్లీ."

అయ్యో, అయ్యో అని లోపల అనుకుంటూనే ఉన్నాను. ప్రతి నెలా ఇదే అర, ఇదే చెయ్యి. పిల్లల కోసం నోము, నోము కోసం బిళ్లలు. ఆ బిళ్లలు ఒంట్లో ఉండగా పట్టీ మీద గీత ఎక్కడ ముదురుతుంది! అండం విడుదలకు శరీరం ఇవ్వాల్సిన సైగనే అవి అణిచిపెడతాయి. ఆపేశాక వచ్చే నెలసరి తేదీ కూడా సొంత తేదీ కాదు, దాన్ని బట్టి కట్టిన ఒకటో రోజు, పదో రోజు అన్నీ తప్పే. మొదటి సంవత్సరం ఫార్మసీ పిల్లవాడిని అడిగినా చెబుతాడు. నేను చెప్పలేదు. ఆ రెండూ ఒకే మనిషి దగ్గరికి పోతున్నాయని నాకు తెలియదు.

చెబుదామంటే టీచరమ్మ పట్టీల రహస్యం బయటపడుతుంది, అదీ ఇంతమంది ముందు. చెప్పకపోతే ఇంకో నెల పోతుంది. అబద్ధం ఒకటే దొరికింది.

"స్టాకు లేదమ్మగారూ."

వెనక నుంచి మా ఓనర్ గారు, పాపం, వ్యాపారం చెడకూడదని పరుగున వచ్చారు. "ఏందమ్మా గట్లంటవు? నిన్ననే డబ్బలొచ్చినయి గదా!" అని ఆయనే రెండు షీట్లు తీసి పెద్దావిడ చేతిలో పెట్టారు. ఆమె నా వైపు వింతగా చూసి, పూల కొట్టు వైపు వెళ్లిపోయింది. టీచరమ్మ వెనక్కి తిరిగి నాకొక చిన్న నవ్వు విసిరింది. రహస్యం దాచినందుకు థాంక్స్ చెబుతోందట! ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది.

జనం పల్చబడేదాకా ఎలా నిలబడ్డానో నాకు తెలియదు. ఓనర్ గారిని లోపలికి పిలిచి మొత్తం చెప్పాను. మొదట ఆయన, "మనకెందుకమ్మా ఇంటి ముచ్చట్లు" అన్నారు. రెండు క్షణాల తర్వాత కళ్లద్దాలు తీసేశారు.

"అంటె… రెండు గూడ మన షాపుకెల్లే పోయినయా?"

"నా చేతితోనే పోయినయి సార్."

"యా అల్లా!" అన్నారాయన. నిష్ఠగల హిందువు, ఇంట్లో రోజూ దీపం పెట్టే మనిషి, పాత నగరం అలవాటుతో ఆయనకు దెబ్బ తగిలితే నోట వచ్చే మాట అదే. "ఇంక నిలబడ్డవేంది? పో. ఇప్పుడే పో. కౌంటర్ నేను జూస్త."

ఎండలో నడిచాను. అశోక్ నగర్ సందుల్లో హాస్టల్ బోర్డులు, జిరాక్స్ షాపులు, చాయ్ బండ్ల దగ్గర కరెంట్ అఫైర్స్ మాట్లాడుకునే పిల్లలు. మూడో అంతస్తు ఎక్కేసరికి ఆయాసం వచ్చింది. క్లాసు నడుస్తోంది. ఒక తొట్టిని ఒక పంపు నింపుతుంటే ఇంకో పంపు ఖాళీ చేస్తుంది, ఎన్ని గంటల్లో నిండుతుంది అన్న లెక్క బోర్డు మీద ఉంది. అది చదివి అక్కడే బెంచీ మీద కూలబడ్డాను. టీచరమ్మ నన్ను చూసి చాక్‌పీసు పెట్టేసి పరుగున వచ్చింది.

"అత్తమ్మకు చెప్పిన్రా అక్కా?" మొదటి భయం అదే.

"లేదమ్మా. నీకే చెప్పనీకి వచ్చిన."

స్టాఫ్ రూములో కూర్చోబెట్టి చెప్పాను. దాచకుండా, మెల్లగా, మందు పేరుతో సహా. ఆమె బ్యాగులోంచి ఆ నోట్‌బుక్ తీసింది. ఎర్ర పెన్ను తీసింది. నోము శుక్రవారాలన్నీ ఆమెకు కంఠతా వచ్చు, ఒక్కొక్క నెలలో బిళ్లలు వేసుకున్న రోజుల మీద ఎర్ర గీత పెడుతూ పోయింది. కొన్ని పేజీల్లో పట్టీల రోజులూ బిళ్లల రోజులూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మిగతా పేజీల్లో ఎర్ర గీత ముందో వెనకో ఆనుకునే ఉంది. చివరి పేజీ దగ్గర పెన్ను కింద పెట్టేసింది.

"డాక్టరమ్మ అడిగింది అక్కా," అంది. "ఏమన్న మందులు వాడుతున్నవా అని మూడుసార్లు అడిగింది. లేదన్న. మూడుసార్లు గూడ లేదనే అన్న. అవి మందులని నాకెట్ల తెలుస్తది? మా అత్తమ్మ పూజ సామాన్ల లిస్టుల రాస్తది వాటిని. పసుపు, కుంకుమ, వక్కలు, తమలపాకులు, బిళ్లలు."

"నాకు తెల్వదమ్మా, మీది ఒకటే ఇల్లని…"

"అడిగిన్రా?"

ఆమె నోట్‌బుక్ మూసి నా వైపు తిరిగింది.

"ఆమెకు గోళీలు మీరే ఇచ్చిన్రు, నాకు పట్టీలు మీరే ఇచ్చిన్రు. గీత వస్త లేదని ఏడిస్తె కంపెనీ మార్చుమన్నరు. దేవుడున్నడన్నరు. ఒక్క మాట, ఒక్క మాట అడిగుంటె ఏం పోతుండె అక్కా? వేరే ఏమన్న వేసుకుంటున్నవా అని! మీ ఇంట్ల అయితె గిట్లనే ఊకుంటుండిరా?"

మా ఇంట్లో అయితే. ఆ మాట దగ్గర నాకు ఇంకో దెబ్బ తగిలింది. పెళ్లయిన ఎనిమిదేళ్లకు గాని మా అబ్బాయి పుట్టలేదు. ఆ ఎనిమిదేళ్లూ నేను వినని మాట లేదు, మొక్కని దేవుడు లేడు. ప్రతి వ్రతానికీ మా షాపు అరలోంచే ఒక షీటు పర్సులో వేసుకుని ఇంటికి వెళ్లేదాన్ని. ఎన్ని వేసుకున్నానో నాకే లెక్క లేదు. ఫార్మసీ చదివిన దాన్ని, నాకే ఆ రోజు దాకా అవి మందులనిపించలేదు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. ఆమె కష్టం ముందు నా గోడు పెట్టడం ఏం బాగుంటుంది?

కొంతసేపటికి ముఖం కడుక్కుని వచ్చి అంది: "నేను జెప్తె నోము ఎగ్గొట్టనీకి సాకు అంటది. పెండ్లయిన కాన్నుంచి వాళ్ల పద్ధతులు నాకు రావనే ఉంది ఆ ఇంట్ల. మీరే వచ్చి చెప్పాలె. ఇయ్యాలనే."

సాయంత్రం ఆరింటికి నారాయణగూడలో వాళ్ల ఫ్లాటుకు వెళ్లాను. పెద్దావిడ హాలులో చాప మీద కూర్చుని తోరాలకు ముళ్లు వేస్తోంది. పక్కన కలశం చెంబు తళతళ మెరుస్తోంది. నన్ను చూసి సంబరపడిపోయింది. "నువ్వేంటమ్మాయ్ ఇలా వచ్చావు! రా, రా, కాఫీ తాగుదువుగాని." ఆ బిళ్లల షీట్లు పసుపు కుంకుమలతో పాటు పళ్లెంలో ఉన్నాయి. నిజంగానే.

చెప్పాను. మొదట ఆమెకు కోపం వచ్చింది.

"ఏం మాటలమ్మాయ్ అవి? అమ్మవారి పని కోసం వేసుకున్న బిళ్ల చెడు చేస్తుందా? ఇన్నేళ్లుగా ఊరందరికీ అమ్ముతూ, ఇవాళ నాకు నీతులు చెబుతావా?"

న్యాయమైన మాటే. నేను తల దించుకున్నాను. అప్పుడు గుమ్మం దగ్గర నిలబడి వింటున్న టీచరమ్మ ముందుకొచ్చి, నోట్‌బుక్ అత్తగారి ఒళ్లో పెట్టింది. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని ఒక పేజీ తిప్పింది. ఇంకో పేజీ తిప్పింది.

"ఇవేంటే?"

"అండం వచ్చే రోజు చూసుకునే పట్టీలు అత్తమ్మా. రెండేండ్ల మూడు నెలలవి. రెండో గీత ముదురు రావాలె. ఒక్కసారి గూడ రాలే."

"ఎర్ర గీతలో?"

"మీరిచ్చిన బిళ్లలు వేసుకున్న రోజులు."

పెద్దావిడ మళ్లీ మొదటి పేజీకి వెళ్లింది. వేలితో ఒక్కొక్క పట్టీ మీదా తడుముతూ వచ్చింది. మధ్యలో ఆగి, "ఇన్నాళ్లూ నాకు చెప్పలేదేమే?" అంది.

"మీకు నమ్మకం లేదనుకుంటరని."

"మరి ఆ బిళ్లలు వద్దని ఎప్పుడూ అనలేదేం?"

"మీ ఇంటి పద్ధతి నాకు చేతగాదనుకుంటరని."

పెద్దావిడ పెదాలు కదులుతున్నాయి, స్తోత్రం కాదు, నెలలు లెక్కపెడుతోంది. ఉన్నట్టుండి రెండు చేతులతో నుదురు ఠపాఠపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. "నేనే కదటే! అమ్మవారిని ఇమ్మని అడిగిందీ నేనే, ఇస్తుంటే అడ్డం పడిందీ నేనే! నా చేత్తో, పాలగ్లాసిచ్చి మరీ మింగించాను కదే తల్లీ!" టీచరమ్మ పరుగున వెళ్లి ఆ చేతులు పట్టుకుంది. ఇద్దరూ చాప మీద కూలబడ్డారు. గాజులు చిట్లాయి, కుంకుమ చెదిరింది. నేను గోడకు ఆనుకుని బొమ్మలా నిలబడ్డాను. అరుస్తారని, ఒకర్నొకరు తిట్టుకుంటారని అనుకుని వచ్చాను. దీనికి నేను సిద్ధపడలేదు.

కాసేపటికి పెద్దావిడ లేచి, పళ్లెంలోంచి ఆ షీట్లు తీసి నా చేతిలో పెట్టింది.

"తీసుకుపో."

"రేపు పదకొండో శుక్రవారం అత్తమ్మా. నాగా పడితే?" టీచరమ్మే అడిగింది.

"పడనీవే. అమ్మవారు మాత్రం ఆడది కాదా, ఆవిడకి అర్థం కాదా?"

మర్నాడు వ్రతం వేళకే టీచరమ్మ బయట చేరిందట. పెద్దావిడ ఒక్కతే కలశం పెట్టి, కోడలి తోరం తీసి పక్కన ఉంచి, ఆమె తలస్నానం చేశాక కట్టిందట. తర్వాతి గురువారం షాపుకు వచ్చి తనే చెప్పింది. డాక్టర్ చేత చీవాట్లు తిన్నారని కూడా చెప్పింది. అంతా బిళ్లల వల్లేనని డాక్టర్ అనలేదు, వయసు కూడా ఉందంది. కానీ ఆ బిళ్లలు నడుస్తుండగా తను చూసిన ఏ రిపోర్టూ నమ్మడానికి లేదని, ఇంజెక్షన్లు పక్కన పెట్టి కొన్ని నెలలు ఆగుదామని అందట.

షాపులో నేనూ మారాను. పూజ బిళ్లలు అడిగిన ప్రతివాళ్లనూ "ఎవరికి? పిల్లల కోసం చూస్తున్నరా? డాక్టర్ చీటీ ఏది?" అని అడగడం మొదలుపెట్టాను. కొందరు తిట్టిపోశారు. "నీకెందుకమ్మా మా ఇంటి సంగతి" అని పక్క షాపుకు పోయారు. మా ఓనర్ గారు మూలిగారు గాని అడ్డం చెప్పలేదు. నెల తిరగకుండానే అంబర్‌పేట నుంచి వచ్చే ఒక కొత్తగా పెళ్లయిన అమ్మాయి దగ్గర ఇదే కథ బయటపడింది. ఆ రోజు ఆయన అర మొత్తం ఖాళీ చేసి, కంపెనీకి వాపసు పంపేశారు.

నాలుగో నెలలో ఒక సాయంత్రం పెద్దావిడ జనాన్ని తోసుకుంటూ వచ్చి, అందరూ వింటుండగా అరిచింది: "ముదురుగా వచ్చిందమ్మాయ్! మొదటి గీత కంటే ముదురట! నేను కూడా చూశాను!" వెనక నిలబడ్డ పెద్దమనిషి ఎవరో జడుసుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. నేను కౌంటర్ కింద కూర్చుని కళ్లు తుడుచుకున్నాను.

మళ్లీ శ్రావణం వచ్చింది. పెద్దావిడ బీపీ మందు తీసుకుని, కవరు సంచిలో వేసుకుంటూ, మామూలుగా అంది: "ఈ ఏడాది మా కోడలికి ఏ శుక్రవారమూ నాగా పడదమ్మాయ్. ఆ బిళ్లలతో పనే లేదు." నేను అర్థం కాక చూశాను. "మూడో నెల," అంది. అనేసి నా ముఖం చూసి, ఆమె నవ్వలేక, ఏడవలేక, సంచి చంకన పెట్టుకుని గబగబా వెళ్లిపోయింది.

టీచరమ్మ మాత్రం ఆ గురువారం తర్వాత మా షాపు మెట్టు ఎక్కలేదు. ఒక్కసారి కూడా. నేను ఫోన్ చేస్తే ఎత్తలేదు. రెండు మూడు సార్లు చేసి మానేశాను. ఏ ముఖం పెట్టుకుని చేయను?

నేను మానేసే ముందు ఒక మధ్యాహ్నం చూశాను ఆమెను. ఏడో నెల ఉంటుంది. నడుము మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా రోడ్డు దాటి, మాకు ఎదురుగా ఉన్న మెడికల్ షాపుకు వెళ్లింది. అక్కడి కుర్రాడు షీట్లు కత్తిరించి కవర్లో వేయబోతే ఆపింది. ఒక్కొక్క షీటూ తీసి, వెనక్కి తిప్పి, పేరు మీద వేలు పెట్టి ఏదో అడిగింది. అతను చెప్పాడు. ఇంకోటి తీసి మళ్లీ అడిగింది. వెనక జనం విసుక్కుంటున్నారు, అయినా ఆమె కదలలేదు. అన్నీ అయ్యేదాకా అడుగుతూనే ఉంది, నేను ఇవతల నిలబడి చూస్తూనే ఉన్నాను.